మాస్టారి కన్నా ముందు నవ్విన సభ

అంతమంది కూర్చున్న సభలో ఒక్కరైనా లేచి, "మాస్టారూ, కాస్త ఆగండి" అని ఎందుకు అనలేదు? ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. మర్యాద అనుకుందామంటే, మర్యాదకు అంతసేపు ఓపిక ఉంటుందా అనిపిస్తుంది. వేడుక చూశారనుకుందామంటే, అక్కడున్నవాళ్లు అలాంటివాళ్లు కారు. సగానికి పైగా ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. ఆయన బెత్తం దెబ్బలు తిన్నవాళ్లు, పరీక్షల ముందు ఆయన ఇంట్లో అన్నం తిన్నవాళ్లు. అందరికీ కళ్లున్నాయి. అందరికీ చదవడం వచ్చు. ఆ చదువు చెప్పింది కూడా ఆయనే.

ప్రకాశరావు మాస్టారిది రాజోలుకూ మలికిపురానికీ మధ్య ఒక చిన్న పేట. తండ్రి దావీదు ఒక ఆసామి దగ్గర పాలేరుగా పనిచేశాడు. దావీదుకు అక్షరం ముక్క రాదు. కానీ ఆదివారం గుడిలో పాస్టరుగారు చేసిన ప్రసంగమంతా సాయంత్రం అరుగు మీద కూర్చుని తిరిగి చెప్పేవాడు. పనుల వల్లో జ్వరాల వల్లో గుడికి వెళ్లలేకపోయినవాళ్లు వచ్చి చుట్టూ కూర్చునేవారు. పాస్టరుగారు ఎక్కడ గొంతు పెంచారో దావీదు అక్కడ పెంచేవాడు. ఆయన ఎక్కడ ఆగి మంచినీళ్లు తాగారో అక్కడ ఆగేవాడు. నీళ్లు ఉండేవి కావు గనక ఊరికే గుటక వేసేవాడు.

కొడుకు చదువుకుని సోషల్ మాస్టారయ్యాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పంద్రాగస్టుకి జెండా దగ్గర నాలుగు మాటలు చెప్పమన్నారు. కుర్రాడు శ్రద్ధగా రాసుకుని, తెల్లచొక్కా వేసుకుని వెళ్లి చదివాడు. బాగానే చదివాడు. అయ్యాక, ముందు వరసలో కూర్చున్న పెద్ద రైతు ఒకాయన కండువా సర్దుకుంటూ, ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

"బాగా చదివేవోయ్ ప్రకాశం. ఎవరు రాసిచ్చేరు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వులో విషమేమీ లేదు. పొద్దుటి పూట జెండా చూసి, చేతిలో పిప్పరమెంటు బిళ్లలు పట్టుకుని, హాయిగా నవ్విన నవ్వే. "ఎవరూ కాదండి, నేనే రాసుకున్నానండి" అన్నారు మాస్టారు. "ఆయ్, సరేలే" అన్నాడు పెద్దాయన, చిన్నపిల్లాడి అబద్ధాన్ని మన్నించినట్టుగా.

ఆ రోజు కాగితం మడిచి జేబులో పెట్టుకున్న మనిషి మళ్లీ ఏ సభలోనూ కాగితం బయటికి తీయలేదు. ఏం చెప్పాలన్నా ముందు రాసుకునేవారు, కాలవ గట్టు మీద నడుస్తూ కంఠస్థం చేసేవారు, రాసింది చింపేసేవారు. సన్మానమైనా సంస్మరణ అయినా, సంఘం వార్షికోత్సవమైనా కొబ్బరి రైతుల సమావేశమైనా, ప్రకాశరావు మాస్టారు మాట్లాడితేనే సభ నిండినట్టు. మైకు ముందుకు రాగానే చత్వారం కళ్లజోడు తీసి అధ్యక్షుడి చేతిలో పెట్టడం ఆయన అలవాటు. "ఇది మీ దగ్గర ఉంచండి. దీనితో నాకిప్పుడు పనిలేదు." దాని కోసమే ఎదురుచూసి చప్పట్లు కొట్టేవాళ్లు ఉండేవారు. తర్వాత తర్వాత, కాగితం చూసి మాట్లాడేవాళ్లను ఆయన కాస్త చులకనగా కూడా అనేవారు. "అద్దెకి తెచ్చుకున్న నోరండి అది." అలా అన్న ప్రతిసారీ ఆయన భార్య కాంతమ్మ, "ఎవర్నీ అనకండి, ఎవరి ఇబ్బంది వాళ్లది" అని చీర కొంగు సర్దుకునేది.

డెబ్బై దాటాక ఒక ఏడు రాజోలులో ఒక హెడ్మాస్టరుగారి సంస్మరణ సభకు వెళ్లారు. తిరిగి వస్తుంటే ఆటోలో కాంతమ్మ కొంగు అంచు మడుస్తూ విప్పుతూ కూర్చుంది.

"ఏంటే, బాగా లేదా?" అన్నారాయన.

"బాగుందండి. ఆ పడవ కథే, రెండుసార్లు చెప్పేరు."

"నిజమా?"

"ఆయ్."

ఆయన రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. కొంతదూరం పోయాక, "మరి రెండోసారి కూడా నవ్వేరు కదే" అన్నారు.

"మర్యాదకి నవ్వేరండి."

ఆ తర్వాత ఆయన సభలు మానేశారు. ఎవరు పిలిచినా మోకాలు నొప్పి అనేవారు. మోకాలి మాట ఊరంతా నమ్మింది. కాంతమ్మ కాక నమ్మనిది ఒక్క షైనీ.

షైనీ ఆయన అన్నగారి మనవరాలు. అమలాపురంలో తాతాజీ అనే ఆయన నడిపే లైవ్ యూనిట్‌లో పనిచేస్తుంది. ఒక వ్యాను, మూడు కెమెరాలు, నలుగురు మనుషులు. పెళ్లిళ్లు, సువార్త కూటాలు, శంకుస్థాపనలు, ఏవైనా అక్కడి నుంచే ప్రత్యక్ష ప్రసారం చేస్తారు. అందులో షైనీ పని ప్రాంప్టర్. అదేమీ బ్రహ్మవిద్య కాదు. స్టూడియోలో అయితే కెమెరా ముందు వాలుగా ఒక గాజు పలక ఉంటుంది. కింద తెర మీద నడిచే అక్షరాలు ఆ గాజులో కనిపిస్తాయి. మాట్లాడేవాళ్లు వాటిని చదువుకుంటుంటే, చూసేవాళ్లకు తమ కళ్లలోకే చూస్తున్నట్టుంటుంది. ఆరుబయట ఎండకి గాజు మీద అక్షరాలు వెలిసిపోతాయి గనక, వేదిక అంచున క్రోటన్ కుండీల చాటున రెండు మానిటర్లు వాలుగా పెడతారు. పక్కన ఒకరు కూర్చుని చేతి కింద చిన్న చక్రం తిప్పుతూ ఉండాలి. మాట ఎంత జోరుగా పోతే అక్షరం అంత జోరుగా పోవాలి. మాట ఆగితే అక్షరం ఆగాలి. షైనీ చెయ్యి అందులో బాగా కుదిరింది. ఎవరు ఎక్కడ ఊపిరి పీల్చుకుంటారో రెండు వాక్యాలు వినేసరికి ఆమెకు పట్టుబడిపోతుంది.

మలికిపురం దగ్గర మాస్టారు పనిచేసిన హైస్కూలుకి వజ్రోత్సవం తలపెట్టారు. పాత విద్యార్థుల సంఘానికి అధ్యక్షుడు సత్యదుర్గారావు, కొబ్బరి వ్యాపారి, మాస్టారి శిష్యుడు. అరటిపళ్ల గెల ఒకటి పనివాడి చేత మోయించుకుని ఇంటికి వచ్చాడు.

"మీరు మాట్లాడకపోతే సభే లేదండి మాస్టారు."

"మోకాలు సహకరించట్లేదయ్యా దుర్గారావూ."

"మోకాలితో మాట్లాడతారేంటండీ? కుర్చీ వేయిస్తాం, కూర్చునే చెప్పండి. దుబాయ్ నుంచీ కువైట్ నుంచీ కూడా చూస్తారంట మనోళ్లు. లైవ్ పెట్టేం. మన షైనీ వాళ్లకే ఇచ్చేం."

మాస్టారు కాదనలేకపోయారు. సత్యదుర్గారావు వెళ్లాక నడవాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. ఆదివారం షైనీ వచ్చినప్పుడు కాంతమ్మ ఆమెను వంటింట్లోకి పిలిచి సంగతంతా చెప్పింది. ఆ పిల్ల నడవాలోకి వచ్చి, ఆయన పక్కన కూర్చుని, ప్రాంప్టర్ మాట ఎత్తింది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే చూసి చదవడమే కదమ్మా."

"మీరు రాసిందే కదా తాతయ్యా. ఎవరో రాసింది కాదు కదా."

"చూసేవాళ్లకి ఆ తేడా తెలుస్తుందా?"

"చూసేవాళ్లకి అసలు తెలిస్తే కదా. పెద్ద పెద్దవాళ్లందరూ దీని మీదే వెళ్లిపోతున్నారు. తాతాజీగారంటారు, మేము లేకపోతే కొంతమందికి వాళ్ల ఊరి పేరు కూడా రాదంట."

ఆయన నవ్వలేదు. చివరికి, "ఎవరికీ తెలీకూడదు అమ్మలూ" అన్నారు. "మీ తాతాజీకి తప్ప ఇంకెవరికీ."

"తెలీదు తాతయ్యా. పూచీ నాది."

ఆ మాట ఆమె ఎంతో తేలిగ్గా అనేసింది.

వారం రోజుల్లో ఆయన ప్రసంగం తెల్లకాగితాల మీద గుండ్రటి అక్షరాలతో రాసి ఇచ్చారు. షైనీ టైప్ చేసుకుంటూ ఒకచోట ఆగింది.

"తాతయ్యా, 'ఇది రాసుకొచ్చింది కాదండి, ఇప్పుడే గుర్తొచ్చింది' అని కూడా రాసేరు."

"అది ఎప్పుడూ అంటానమ్మా. మా నాన్న సంగతి చెప్పే ముందు."

"రాయడం ఎందుకని."

"అదే మర్చిపోతానేమో."

ఆమె అది కూడా టైప్ చేసింది. ఆయన జాగ్రత్తకు ఇంకా చాలా ఉన్నాయి. 'ఇక్కడ నవ్వుతారు, ఆగాలి.' 'ఇక్కడ మంచినీళ్లు.' 'కళ్లజోడు తీసి ఇవ్వాలి.' తండ్రి గుటక వేసిన చోటు కొడుకు కాగితం మీద రాసుకున్నాడు.

సాధన ఇంట్లోనే. వీధి తలుపు మూసి, కిటికీకి దుప్పటి కట్టి, మానిటర్‌ని పీట మీద పెట్టారు. ఎవరైనా వస్తే స్నానం చేస్తున్నారని చెప్పమని కాంతమ్మకు పురమాయించారు. ఆ వారంలో మాస్టారు తెగ స్నానాలు చేస్తున్నారని ఎదురింటి రామలక్ష్మి అడిగింది కూడా. మొదటిరోజు పని అసలు నడవలేదు. ఆయన అక్షరాల కోసం ఆగేవారు. ఆయన ఆగారు గదా అని షైనీ అక్షరాలను ఆపేది. ఇద్దరూ ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడిపోయినట్టయింది.

"మీరు వెళ్లిపోండి తాతయ్యా, నేను వెనకాలే వస్తాను."

"నువ్వు ముందు వెళ్లమ్మా, నేను వస్తా."

కాంతమ్మ వంటింట్లోంచి, "ఎవరో ఒకరు కదలండి బాబూ, అన్నం చల్లారిపోతోంది" అంది. అప్పుడు ఆయన నవ్వారు. తర్వాత కుదిరింది. నాలుగోనాటికి గొంతులో పాత గంట మోగింది. దగ్గరి చూపు పోయినా దూరపు చూపు ఆయనకు బాగానే ఉంది. కళ్లజోడు తీసేసి, మానిటర్ వైపు చూస్తున్నట్టే లేకుండా చూస్తూ, ఆయన మాట్లాడుతుంటే షైనీకి తన చెయ్యి కూడా ఆ గొంతులో భాగమే అనిపించింది.

సభ రోజు స్కూలు ఆవరణలో పెద్ద షామియానా వేశారు. వేదికకు కుడి పక్కన రావులపాలెం నుంచి తెప్పించిన ఎల్‌ఈడీ తెర. వెనక వరసల వాళ్లకు వేదిక మీద మనుషులు అందులో పెద్దగా కనిపిస్తారు. ఆ తెర వెనకే, అంచు పక్కగా, షైనీ బల్ల. ఆమె కూర్చున్న చోటి నుంచి మాస్టారు కనిపిస్తారు, ముందు వరసలు కనిపిస్తాయి. తెర మీద ఏముందో మాత్రం కనిపించదు. కాళ్ల దగ్గర ఒక చిన్న పెట్టె. వ్యానులోంచి వచ్చే కెమెరా బొమ్మ ఆ పెట్టెలో ఒక వైపు, ఆమె లాప్‌టాప్ లోని అక్షరాలు ఇంకో వైపు. ఒక వైపు తీగలు ఎల్‌ఈడీకి, ఇంకో వైపు తీగలు మానిటర్లకి. అన్నీ నల్లవే, అన్నీ ఒక్కలాంటివే.

పిల్లల కోలాటం అవుతుండగా కరెంటు పోయింది. జనరేటర్ వేశారు. తీగలన్నీ తీసి మళ్లీ పెట్టమని తాతాజీ వ్యానులోంచి ఆమె చెవికున్న హెడ్‌సెట్‌లో చెప్పాడు. షైనీ కింద కూర్చుని తీగలు పెడుతుండగా సత్యదుర్గారావు స్వయంగా ఒక పళ్లెం పట్టుకుని వచ్చాడు. అందులో కజ్జికాయలు, గారెలు, ఒక అరటిపండు.

"అమ్మా, పొద్దుట్నించి ఏమీ తిన్లేదంట."

"తర్వాత తింటానండి, ఒక్క నిమిషం."

"అలా కుదరదమ్మా. మా ఊరొచ్చి ఖాళీ కడుపుతో పనిచేసేరంటే మాకెంత నామోషీ. మీరు తినేదాకా నేనిక్కడే నిలబడతాను."

నిలబడ్డాడు కూడా. వేదిక మీద మైకులో ఆయన పేరు పిలుస్తున్నారు. ఆయన కదలడం లేదు. పెద్దాయన అలా పళ్లెం పట్టుకుని నిలబడితే ఆ పిల్లకు ఊపిరాడలేదు. కుడిచేత్తో కజ్జికాయ అందుకుని నోట్లో పెట్టుకుంది, ఎడం చేత్తో మిగిలిన తీగ తడిమి పెట్టేసింది. మానిటర్లలో అక్షరాలు వెలిగాయి. సత్యదుర్గారావు తృప్తిగా వేదిక ఎక్కాడు.

మాస్టారు మైకు ముందుకు వచ్చారు. తెల్లపంచె, లాల్చీ. కళ్లజోడు తీసి సత్యదుర్గారావు చేతిలో పెట్టారు.

"ఇది మీ దగ్గర ఉంచండి. దీనితో నాకిప్పుడు పనిలేదు."

సభ ఘొల్లుమంది. అంత నవ్వు షైనీ అనుకోలేదు. ఆయన కూడా అనుకోలేదేమో, చిన్నగా తలవంచి నమస్కారం పెట్టారు. "కాగితం చూసి మాట్లాడటం నాకు అలవాటు లేదండి" అన్నారు తర్వాత. మళ్లీ నవ్వు. పాత అభిమానం అనుకుంది షైనీ. ఆమెకు గర్వంగా కూడా అనిపించింది.

ఆయన గొంతు పుంజుకుంది. స్కూలు కట్టిన కొత్తల్లో వర్షానికి పుస్తకాలు తడిసిపోతే కొబ్బరి రాశి మీద ఆరబెట్టిన సంగతి మొదలుపెట్టారు. ఆ కథలో చివర ఒక హాస్యం ఉంది. ఆయన ఇంకా ఆ మాట దాకా రానేలేదు, సభ నవ్వింది. ఆయన ఒక్క క్షణం తడబడి, మాట పూర్తిచేశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. 'ఇక్కడ నవ్వుతారు, ఆగాలి' అన్న అక్షరాలు మానిటర్లో వెలుగుతున్నాయి. ఆయన ఆగారు. అప్పుడు సభ మళ్లీ నవ్వింది, ఇంకోలా.

షైనీ చక్రం మీంచి చూపు ఎత్తి ముందు వరస వైపు చూసింది. ఎవరూ మాస్టారి వైపు చూడటం లేదు. అందరి ముఖాలూ కాస్త పక్కకి, తన వైపు ఉన్న తెర మీదికి తిరిగి ఉన్నాయి. కళ్లు ఎడమ నుంచి కుడికి నడుస్తున్నాయి, మళ్లీ ఎడమకి వస్తున్నాయి. పాఠం చదివేటప్పుడు నడిచినట్టే.

"తాతాజీగారూ, ఎల్‌ఈడీ మీద ఏం పడుతోందండీ?"

"నాకు కనపడదు కదమ్మా, వ్యానులో ఉన్నాను. లైవ్‌లో మాత్రం మాస్టారు బ్రహ్మాండంగా ఉన్నారు."

"ఒక్కసారి దిగి చూడండి."

కాసేపటికి తాతాజీ గొంతు చెవిలో వినిపించింది. ఎప్పుడూ హాస్యాలాడే మనిషి మెల్లగా అన్నాడు. "అమ్మా, మన అక్షరాలేనమ్మా. మాస్టారి బొమ్మ లేదు. అచ్చంగా అక్షరాలే. మాట కన్నా రెండు వరసలు ముందు పోతున్నాయి."

షైనీకి అర్థమైంది, ఇందాక తడిమి పెట్టినప్పుడు ఎల్‌ఈడీ తీగ కూడా అక్షరాల వైపే పోయింది. కాళ్ల దగ్గరి పెట్టె వైపు చూసింది. ఏ తీగ ఎల్‌ఈడీదో, ఏది మానిటర్‌దో తెలియడం లేదు. ఒకటి పీకి, అది మానిటర్‌ది అయితే, మాస్టారు అంత సభ ముందు నోట మాట లేక నిలబడిపోతారు. వంగి వెతుకుదామంటే చక్రం వదలాలి. చక్రం ఆగితే ఆయన ఆగుతారు.

"ఎల్‌ఈడీ ఆపరేటర్ని పట్టుకుని ఆపించండి తాతాజీగారూ."

"ఇక్కడ లేడమ్మా. టిఫిన్‌కి తీసుకెళ్లేరంట, కమిటీవాళ్లు. నే వెళ్తా."

ఆమె చక్రం తిప్పుతూనే ఉంది. ఆయన చదువుతూనే ఉన్నారు. ఆయన చెప్పే ప్రతి మాటా ముందుగా జనం చదువుకుంటున్నారు. అవి ఆయన మాటలే. ఎవరూ రాసివ్వలేదు. లేచి అరవాలనిపించింది ఆమెకు, ఇవి ఆయనే రాసుకున్నారండి, నేను టైప్ చేశానంతే అని. ముందు వరసలో కాంతమ్మ కనిపించింది. బండారులంక చీర కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె తెర వైపు చూడటం లేదు, మాస్టారి వైపూ చూడటం లేదు. పక్కనున్న పుష్పలత భుజం మీద చెయ్యి వేసి ఏదో అంటే తల ఊపింది. ఈ పుష్పలత ఇదే స్కూల్లో చదువుకుని ఇప్పుడు ఇక్కడే పాఠాలు చెబుతోంది.

అప్పుడు ఆ పేరా రాబోతోందని షైనీకి గుర్తొచ్చింది. 'ఇది రాసుకొచ్చింది కాదండి. ఇప్పుడే గుర్తొచ్చింది.' ఇంకో నాలుగు వాక్యాలు, అంతే. అది తెర మీద అంతెత్తున పడుతుంది. నిదానంగా పడుతుంది, ఆయన నిదానంగా పలుకుతారు గనక.

ఆమె చక్రాన్ని గిర్రున తిప్పేసింది. అక్షరాలు ఒక్కసారిగా పరుగెత్తి, ఆ వరస దాటి, 'మా నాన్నకి అక్షరం రాదు' దగ్గర ఆగాయి.

మాస్టారు ఆగిపోయారు. మానిటర్ వైపు చూశారు. ఆయన ఆ వాక్యం కోసం చూస్తున్నారు. అది లేకుండా నాన్న సంగతిలోకి ఎలా వెళ్లాలో ఆయనకు తెలియడం లేదు. షామియానా గుడ్డ గాలికి కొట్టుకుంటున్న చప్పుడు తప్ప సభలో ఇంకేమీ లేదు. షైనీ చక్రాన్ని వెనక్కి తిప్పబోయింది, అక్షరాలు ఇంకెక్కడికో పోయాయి.

ముందు వరసలోంచి పుష్పలత, క్లాసులో పక్కపిల్లకి అందించినట్టు, మెల్లగా అంది. "నాన్నగారి సంగతి, మాస్టారూ."

ఎంత మెల్లగా అన్నా ఆ నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది. మాస్టారు ఆమె వైపు తిరిగారు. "ఆయ్. అదేనమ్మా, అదే చెప్తున్నాను." ఆ అమ్మాయి ముఖం వైపు కాసేపు చూశారు. తర్వాత అటూ ఇటూ ఉన్న ముఖాల వైపు చూశారు. అవి ఎటు తిరిగి ఉన్నాయో అటు కూడా ఒకసారి తల తిప్పారు. ఆయన నిలబడ్డ చోటు నుంచి తెర అంచు తప్ప ఏమీ కనిపించదని తాతాజీ అంటాడు. కొంచెం వంగితే కనిపిస్తుందని షైనీకి తెలుసు. ఆయన వంగారో లేదో ఆమె చూడలేదు. ఆ క్షణంలో ఆమె తల దించుకుని ఉంది.

మళ్లీ మైకులో ఆయన గొంతు వినిపించింది.

"ఇది రాసుకొచ్చింది కాదండి. ఇప్పుడే గుర్తొచ్చింది."

మర్చిపోతానేమోనని రాసుకున్న మాట, అక్షరాల సాయం లేకుండా ఆయనే అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. తెర వైపు చూసే కళ్లన్నీ కిందికి వాలాయి. కొందరు చెప్పుల వైపు, కొందరు చేతిలోని ఆహ్వాన పత్రిక వైపు చూసుకున్నారు. వేదిక మీద సత్యదుర్గారావు ఆయన కళ్లజోడు ఒళ్లో పెట్టుకుని, దాని గాజులు తుడవసాగాడు. ఎంతసేపో తుడిచాడు.

మాస్టారు తండ్రి సంగతి చెప్పారు. అరుగు, గుటక, అన్నీ చెప్పారు. మధ్యలో ఎక్కడో తాతాజీ ఆపరేటర్ని లాక్కొచ్చాడు, తెర ఆరిపోయింది. ఆరిపోయిన తెర వైపు నుంచి అందరూ ఒక్కసారిగా మాస్టారి వైపు తిరిగారు. అది కూడా ఆయన చూసే ఉండాలి. ప్రసంగం అయిపోగానే సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అంతసేపు చప్పట్లు ఆ ఊళ్లో ఎవరికీ కొట్టలేదు. శాలువా కప్పారు, పళ్లబుట్ట ఇచ్చారు. కువైట్ నుంచి ఎవరో ఫోన్ చేసి, మాస్టారు కాగితం లేకుండా ఎలా మాట్లాడతారండీ ఈ వయసులో అన్నారని మైకులో చెప్పారు. దానికీ చప్పట్లు కొట్టారు.

షైనీ తీగలు చుడుతోంది. ఎలా చెప్పాలో మనసులో మాటలు పేర్చుకుంటోంది. తాతయ్యా, తప్పు నాది, మీది కాదు. తాతయ్యా, మీరు రాసిందే కదా. ఏ మాటా నిలవడం లేదు. మాస్టారు వెనక మెట్ల మీదుగా దిగి వచ్చి, బల్ల పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. శాలువా మడత పెట్టి ఒళ్లో పెట్టుకున్నారు.

"తిన్నావా అమ్మలూ?"

"తిన్నాను తాతయ్యా."

"మధ్యలో ఒకచోట ఉరికింది."

"చెయ్యి జారింది తాతయ్యా."

"ఆయ్. పెద్ద సభ కదా." ఆయన ఆరిపోయిన తెర వెనకవైపు, దాని ఇనప చట్రం వైపు చూస్తూ ఉన్నారు. "నేను మాట్లాడుతుంటే వీళ్లంతా ఎటు చూసేరమ్మా?"

చెప్పడానికి ఇంతకన్నా వీలైన చోటు ఆమెకు ఇంకెక్కడా దొరకదు. ఆయనే తలుపు తీసి పట్టుకున్నట్టు అడిగారు.

"మీ వైపే తాతయ్యా" అంది షైనీ.

ఆయన తల ఊపారు. ఆమె ఆ ముఖం వైపు చూడలేక పెట్టె మీదికి వంగి, ఇక అవసరం లేని తీగను ఒకటి పీకి, మళ్లీ పెట్టి, మళ్లీ పీకింది. వెనక కుర్చీ కాలు ఇసుకలో కదిలిన చప్పుడైంది.

కాంతమ్మ వచ్చి పక్కన నిలబడింది. "చెప్పేవా?" అంది గొంతు తగ్గించి.

"లేదు మామ్మా."

"పోన్లే. నేనూ లేచి చెప్పలేకపోయేను." కాంతమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ముందు వరసలో కూర్చున్నాను, లేస్తే అందరూ చూస్తారని కూర్చుండిపోయేను."

సత్యదుర్గారావు వేదిక పక్కనుంచి తొంగిచూశాడు. "మాస్టారేరండీ? ఫొటోకి అందరూ నిలబడ్డారు, ఆయన కోసమే చూస్తున్నాం."

కుర్చీలో ఎవరూ లేరు. పళ్లబుట్ట ఇసుకలో ఉంది. సైకిల్ షెడ్డు పక్కనున్న చిన్న గేటు తీసి ఉంది. అవతల మాస్టారు పంచె అంచు చేత్తో పట్టుకుని, మోకాలు నొప్పి అన్నది ఎన్నడూ ఎరగనంత వేగంగా కాలవ వంతెన వైపు నడుస్తున్నారు.

"ఏవండీ" అంటూ కాంతమ్మ చెప్పుల కోసం వెతుక్కుంది.

ఆయనకు వినిపించిందో లేదో. వంతెన దగ్గర ఒక ఆటో ఆగింది. ఆయన ఎక్కారు. ఆటో రాజోలు వైపు తిరిగి వెళ్లిపోయింది.